తెల్లవారుజాము సాయంత్రమైన చెరువు: ఒక గడియారం చిప్పు (ఆర్‌టీసీ) డ్రైవరు కేస్ స్టడీ

"మీ మిషను లెక్క ప్రకారం మా చెరువులో సాయంత్రం ఆరింటికి ఆక్సిజన్ అడుగంటుతోందండీ. ఇరవై ఏళ్లుగా చెరువులు చేస్తున్నాను, ఆ వేళకు ఎప్పుడూ పడిపోలేదు. మీ మిషనుకు పొద్దేదో మాపేదో తెలియడం లేదేమో, ఒకసారి చూసుకోండి."

ఈ కేసులో మొదటి సరైన రోగనిర్ధారణ ఇదే. చేసింది మా బృందంలో ఎవరూ కాదు, ఫోను చేసిన రొయ్యల రైతు. ఆయన ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని రిజిస్టర్ల (చిప్పులోని చిన్న మెమరీ గదుల) భాషలోకి తెచ్చుకోవడానికి మాకు ఏడు వారాలు పట్టింది. ఊరు, కంపెనీ, మనుషుల వివరాలు తీసేసి, చిప్పుకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లో చెరువు గట్టు మీద పెట్టే చిన్న పెట్టె అది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను పది నిమిషాలకొకసారి కొలుస్తుంది, మొబైల్ మోడెమ్ ద్వారా సర్వరుకు పంపుతుంది, రాత్రిళ్లు నీటిలో గాలి కలిపే ఏరేటర్లను గంటల ప్రకారం నడుపుతుంది. చెరువులో ఆక్సిజన్‌కు ఒక దినచర్య ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ నీటిలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక అది గరిష్ఠానికి చేరుతుంది. చీకటి పడ్డాక నాచు, రొయ్యలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి వాడుకోవడమే తప్ప చేర్చేది ఉండదు. సూర్యోదయానికి కాస్త ముందు అది అట్టడుగుకు వస్తుంది. అందువల్ల ఈ పరికరంలో ఆక్సిజన్ సెన్సరు ఎంత ముఖ్యమో గడియారమూ అంతే ముఖ్యం. గడియారం తప్పితే, సెన్సరు నిజం చెప్పినా గ్రాఫు అబద్ధం చెబుతుంది.

ఆ గడియారం పీసీఎఫ్8523 అనే రియల్ టైమ్ క్లాక్ (ఆర్‌టీసీ) చిప్పు. పక్కన 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్, వెనుక సీఆర్2032 బటన్ సెల్లు, ముందు ఐ2సి తీగల మీద (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగలవి) ఒక చిన్న మైక్రోకంట్రోలరు. ఇంతకుముందు చేసిన నమూనా లినక్స్ నడిచే బోర్డు మీద, ఇదే చిప్పుతో, నాలుగు నెలలు వంక పెట్టడానికి లేకుండా పనిచేసింది. ఖర్చు తగ్గించడానికి ఉత్పత్తి బోర్డులో లినక్స్ తీసేసి మైక్రోకంట్రోలరు పెట్టాం. ఆర్‌టీసీ డ్రైవరును, అంటే ఆ చిప్పుతో మాట్లాడే ప్రోగ్రామును, మా జూనియర్ ఇంజినీరు కొత్తగా రాశాడు. ఏడు రిజిస్టర్లు చదవడం, బీసీడీ అంకెలను (ఒక్కో అంకెకు నాలుగు బిట్ల చొప్పున రాసినవి) మామూలు అంకెలుగా మార్చడం, అంతే కదా అనుకున్నాం. రివ్యూ చేసి సరేనన్నది నేనే.

రెండు రకాల ఫిర్యాదులు

రైతు చూపిన గ్రాఫులో తేదీ సరిగ్గానే ఉంది, గంటలే తప్పు. అందుకే ముందు టైమ్‌జోను మీద అనుమానం వచ్చింది. కానీ అది టైమ్‌జోను తప్పే అయితే తేడా ఎప్పుడూ ఐదున్నర గంటలే ఉండాలి. ఇక్కడ ఒక రోజు పదమూడు గంటలు, మరో రోజు పదకొండు, కొన్ని రోజులు అసలు తేడాయే లేదు. రోజుకో రకంగా మారేదాన్ని స్థిరమైన కారణంతో వివరించలేం. ఆ దారి వదిలేశాం.

చిక్కుముడి సర్వరు వైపు నుంచి వీడింది. పరికరం పంపిన అసలు రికార్డులు తీసి చూస్తే, తేడా వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లి ఒకే రోజు దగ్గర ఆగింది, సమయం 16:52 నుంచి మొదలైంది. మా ఫర్మ్‌వేరును (పెట్టెలో నడిచే ప్రోగ్రామును) కంపైల్ చేసిన క్షణం అది! ఈ చిప్పులో సెకన్ల రిజిస్టరు పై బిట్టును ఓఎస్ బిట్టు అంటారు. ఆసిలేటర్ (క్రిస్టల్‌ను కంపింపజేసే భాగం) ఆగిపోయిందని, లోపలి సమయాన్ని నమ్మొద్దని అది చెబుతుంది. అది 1గా కనబడితే కంపైల్ సమయాన్నే గడియారంలో రాసెయ్యమని మా డ్రైవరులో ఒక వరుస ఉంది. బల్ల మీద పరీక్షలకు పనికొస్తుందని రాసింది, తీయడం మరిచాం. సర్వరులో మరో మహానుభావుడు, తేదీ పాతదిగా వస్తే రికార్డు పారేయడం ఎందుకని, సమయం అలాగే ఉంచి తేదీ మాత్రం ఈరోజుది వేసేలా రాశాడు. ఈ రెండు అతుకులూ కలిసి తెల్లవారుజామును సాయంత్రం చేశాయి. రాత్రి కరెంటు పోయి 4:10కి వచ్చిందనుకోండి, గడియారం 16:52 దగ్గర మొదలవుతుంది. 5:20కి ఆక్సిజన్ అడుగంటితే గ్రాఫులో అది 18:02.

అయితే ఇది లక్షణం మాత్రమే. కరెంటు పోయినప్పుడు గడియారాన్ని నడపాల్సిన బటన్ సెల్లు ఏం చేస్తున్నట్టు?

రెండో రకం ఫిర్యాదు దీనికి సంబంధం లేనట్టు కనబడింది. ఇన్వర్టరు ఉన్న కొన్ని చెరువుల దగ్గర గడియారం ఎప్పుడూ రీసెట్ కాలేదు, కానీ నెలకు మూడు నిమిషాలు ముందుకు పోయింది. అంటే రోజుకు సుమారు 6 సెకన్లు, పది లక్షలకు 70 పాళ్లు. మామూలు 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌కు 20 పాళ్ల వరకు తప్పు ఉండటం సహజమే, 70 కాదు. రెండింటినీ ఒకే జబ్బుగా చూడకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాం. ఒకటి కరెంటు పోతేనే వస్తోంది, రెండోది కరెంటు పోని చోట పైకి తేలుతోంది. కరెంటు తరచుగా పోయే చోట రెండోది కూడా ఉండే ఉంటుంది, కాని గడియారం నెల రోజులు ఆగకుండా నడిస్తే కదా తెలిసేది.

ముందు చేసిన పనులు, అవి ఎందుకు తప్పాయి

అందరూ చేసేదే మేమూ చేశాం: సెల్లులు మార్చాం. బజారులో దొరికే బటన్ సెల్లుల మీద ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి నేరం మోపడానికి అవి సిద్ధంగా దొరికాయి. ఇరవై పెట్టెలు విప్పి కొత్తవి వేశాం. తీసినవాటిని కొలిచి ఉంటే ఆ తిరుగుడు తప్పేది. ప్రతిదీ 3 వోల్టులకు పైనే ఉంది. ఏడాదిగా వాడిన సెల్లు కొత్తదానిలా ఉందంటే సంతోషించకూడదు, అనుమానించాలి. దాని నుంచి ఎవరూ ఏమీ తీసుకోలేదని అర్థం. ఆ ఆధారం చేతిలో పెట్టుకుని కూడా నేను చూడలేదు.

తర్వాత మోడెమ్ ద్వారా నెట్‌వర్కు సమయం తెచ్చుకుందామన్నారు. ఇది బాగుందనిపించింది, ఇప్పటికీ వాడుతున్నాం కూడా, కానీ దీన్నే మందు అనుకోవడం తప్పు. గట్టు మీద సిగ్నలు ఒక్కోసారి గంటల తరబడి ఉండదు. కరెంటు వచ్చిన మరుక్షణం ఏరేటరు ఆన్ చేయాలా వద్దా అన్న నిర్ణయం అంతసేపు ఆగదు. పైగా ఒక చిన్న ప్రహసనం జరిగింది. మోడెమ్ ఇచ్చే సమయం చివర '+22' అని వస్తుంది. అది గంటలు కాదు, పావుగంటలు. ఇరవై రెండు పావుగంటలంటే మన ఐదున్నర గంటలు. దాన్ని గంటలుగా చదివిన వెర్షన్ ఒకటి రెండు రోజుల పాటు నాలుగు పెట్టెల్లో నడిచింది. ఆ గ్రాఫులు చూసి రైతులు ఏమనుకున్నారో అడగలేదు.

సెల్లు నుంచి ఏమీ పారడం లేదు

చివరికి చేయాల్సిన కొలత చేశాను. బటన్ సెల్లుకూ చిప్పుకూ మధ్య 100 కిలోఓమ్‌ల రెసిస్టరు పెట్టి, పవర్ తీసి, దాని రెండు చివరల మధ్య వోల్టేజి చూశాను. ఒక్క మైక్రో ఆంపియర్ పారినా 100 మిల్లీవోల్టులు కనబడాలి. మీటరు సున్నా దగ్గర నుంచి కదల్లేదు. సెల్లు బాగుంది, హోల్డరు బాగుంది, టంకం బాగుంది. చిప్పే సెల్లు వంక చూడటం లేదు.

అప్పుడు మూడో కంట్రోల్ రిజిస్టరు చదివాను. హెక్సాడెసిమల్‌లో ఈ0. పై మూడు బిట్లు 111. డేటాషీటు (చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పుస్తకం) పట్టికలో 111కు ఎదురుగా ఉన్న అర్థం ఇది: బ్యాటరీ వైపు మారడం ఆపివేయబడింది, బ్యాటరీ బలహీనతను గుర్తించడం కూడా ఆపివేయబడింది. చిప్పు రీసెట్ అయినప్పుడు వచ్చే విలువే అది. దీన్ని చిప్పు లోపం అనలేం, పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. బ్యాటరీ లేని బోర్డుల్లోనూ ఇదే చిప్పు వాడతారు. తన వెనుక సెల్లు ఉందో లేదో చిప్పుకు తెలియదు. ఆ సంగతి తెలిసిన వాళ్లు దానికి చెప్పాలి. మా డ్రైవరు ఆ రిజిస్టరును ముట్టుకోనేలేదు.

మరి నమూనా నాలుగు నెలలు ఎలా నడిచింది? ఈ ప్రశ్నను వదిలేసి ముందుకు పోవాలని అందరికీ ఉండింది. నేను వదల్లేదు, ఎందుకంటే పాతది పనిచేయడానికి కారణం తెలియకపోతే కొత్తదాన్ని బాగుచేశామని ఎలా చెప్పగలం? ఆ బోర్డులోని లినక్స్ వెర్షన్ తెరిచి అందులోని డ్రైవరు చదివాను. ప్రారంభంలోనే అది మాకు తెలియకుండా రెండు పనులు చేస్తోంది. క్రిస్టల్ లోడును (దాని మీద పడే కెపాసిటెన్స్ భారాన్ని) 12.5 పీకోఫారడ్లకు మారుస్తోంది, పవర్ బిట్లలో, అంటే ఆ పై మూడు బిట్లలో, 000 రాస్తోంది. మేము లినక్స్‌ను వదిలించుకున్న రోజే ఆ రెండు వరుసలనూ వదిలించుకున్నాం. వాటి ఉనికి తెలియదు కాబట్టి లేని లోటూ తెలియలేదు. రెండో ఫిర్యాదుకు జవాబు కూడా అదే వాక్యంలో ఉందని మాత్రం నాకప్పుడు వెలగలేదు.

000 రాయాలా, 001 రాయాలా

పవర్ బిట్లలో ఏది రాయాలన్నది పట్టిక చూసి టిక్కు పెట్టే పని కాదు. స్టాండర్డ్ మోడులో (000) చిప్పు రెండు షరతులు చూస్తుంది: సరఫరా వోల్టేజి సెల్లు వోల్టేజి కంటే తగ్గాలి, అంతేకాక దాదాపు 2.5 వోల్టుల గీత కిందికీ రావాలి. అప్పుడే సెల్లు వైపు మారుతుంది. డైరెక్ట్ మోడులో (001) మొదటి షరతు ఒక్కటే; చిప్పు సొంత ఖర్చు కూడా తక్కువ. తక్కువ ఖర్చు అనగానే మా వాళ్ల చూపు అటే పోయింది. కానీ మా సరఫరా 3.3 వోల్టులు, కొత్త సీఆర్2032 ఒక్కోసారి 3.2 చూపిస్తుంది. ఈ రెండూ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మోడెమ్ ఒక్కసారి గట్టిగా లాగితే చాలు, కరెంటు ఉండగానే చిప్పు సెల్లు వైపు దూకుతుంది. సెల్లు వైపు ఉన్నంతసేపూ ఐ2సి పలకదు. సరఫరా ఎప్పుడూ సెల్లు కంటే బాగా ఎక్కువగా ఉండే 5 వోల్టుల బోర్డుకైతే డైరెక్ట్ మోడ్ సరిపోయేదేమో. మాకు స్టాండర్డే సరి. సెల్లు మీద భారం ఎలాగూ మైక్రో ఆంపియర్ చుట్టుపక్కలే, 220 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లుకు అది లెక్కలోకి రాదు.

సెల్లు బలహీనతను గుర్తించే భాగాన్ని ఆపాలా, ఉంచాలా అన్న మాట కూడా వచ్చింది. ఉంచాం. గట్టు మీదికి ఒక మనిషిని పంపే ఖర్చుతో పది సెల్లులు వస్తాయి. ఏ పెట్టెకు సెల్లు మార్చాలో ముందే తెలిస్తే మేలు. కానీ ఆ బిట్టు 1 అయినంత మాత్రాన సమయం చదవడం మానకూడదని గట్టిగా అనుకున్నాం. సెల్లు నీరసించిందన్నది హెచ్చరిక. కరెంటు ఉన్నంతసేపూ సమయం సరైనదే.

000 రాశాం. మీటరు కదిలింది. ప్లగ్గు పీకి, భోజనానికి వెళ్లి వచ్చి, మళ్లీ పెడితే గడియారం సరిగ్గా ఉంది. మర్నాడు మళ్లీ 16:52.

ఈసారి నేరం ఉత్సాహానిది. శుభ్రమైన స్థితి నుంచి మొదలుపెడదామని ఆ మధ్యలో మా జూనియర్ ప్రతి ప్రారంభంలోనూ మొదటి కంట్రోల్ రిజిస్టరులో హెక్స్ 58 రాశాడు. అది సాఫ్ట్‌వేర్ రీసెట్. ఆ తర్వాత సెట్టింగులు రాస్తున్నాడు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాడు. కానీ రీసెట్‌తో ఓఎస్ బిట్టు కూడా 1 అవుతుంది. అంటే రాత్రంతా సెల్లు మీద బుద్ధిగా నడిచిన గడియారానికి పొద్దున్నే మనమే 'నమ్మదగనిది' అని ముద్ర వేసి, దాని సమయాన్ని మనమే చెరిపేస్తున్నాం. కరెంటు పోయినా పోకపోయినా తన పని తాను చేసుకుపోయే చిప్పును రీసెట్‌తో పలకరించకూడదు. ముందు ఓఎస్ బిట్టు చదవాలి, అది 0 అయితే సమయం జోలికి పోకుండా సెట్టింగుల బిట్లు మాత్రం సరిచూసి, తేడా ఉంటేనే రాయాలి. కంపైల్ సమయం రాసే వరుసను కూడా ఆ రోజే తీసేశాం. ఇప్పుడు ఓఎస్ బిట్టు 1 అయితే పరికరం 'సమయం తెలియదు' అని ఒప్పుకుంటుంది, పవర్ వచ్చినప్పటి నుంచి గడిచిన సెకన్లతో రికార్డులు దాచుకుంటుంది, నెట్‌వర్కు సమయం దొరికాక వెనక్కి లెక్కగడుతుంది.

రోజుకు ఆరు సెకన్లు

ఈ చిప్పులో గడియారం నడకను కొద్దిగా సవరించే ఆఫ్‌సెట్ రిజిస్టరు ఒకటుంది. రెండు గంటలకొకసారి సవరించే పద్ధతిలో ఒక్కో మెట్టు పది లక్షలకు 4.34 పాళ్లు, అంటే రోజుకు 0.375 సెకను. ఆరు సెకన్లకు పదహారు మెట్లు. ఎంత సులువు! రాసేశాం. ముందు గుర్తు తిరగేసి రాసి ఆరును పన్నెండు చేశాం. సరిదిద్దాక బల్ల మీది బోర్డు చక్కగా నడిచింది. మరో అయిదు బోర్డులకు అదే అంకె వేస్తే ఒక్కోటి ఒక్కో దారి పట్టింది.

అక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఆఫ్‌సెట్ అన్నది క్రిస్టల్‌కూ క్రిస్టల్‌కూ మధ్య ఉండే చిన్న తేడాలను సర్దడానికి. తీసుకున్న ప్రతి బోర్డూ ఒకే వైపుకు, అంటే ముందుకే, తప్పుతోందంటే అది క్రిస్టళ్ల వ్యక్తిగత దోషం కాదు, అన్నిటికీ ఉమ్మడిగా ఏదో ఉంది. క్రిస్టల్ మీద తగినంత కెపాసిటెన్స్ భారం పడకపోతే అది వేగంగా కంపిస్తుంది. మా క్రిస్టల్ కొనుగోలు పత్రం తీశాను: 12.5 పీకోఫారడ్లు. మొదటి కంట్రోల్ రిజిస్టరు పై బిట్టు చూశాను: 0, అంటే 7 పీకోఫారడ్లు. రీసెట్ విలువ. లినక్స్ డ్రైవరులో నేను చదివిన మొదటి వరుస ఇదే కదా అని అప్పుడు గుర్తొచ్చింది. చదివిన రోజు నా ధ్యాసంతా సెల్లు మీదే ఉండిపోయింది.

ఈ విషయంలో లినక్స్‌ను గుడ్డిగా అనుసరించినా చిక్కే. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో లినక్స్‌కు చెప్పే ఫైలు) క్వార్ట్జ్ క్రిస్టల్ లోడును ఫెమ్టోఫారడ్లలో (పీకోఫారడ్‌లో వెయ్యో వంతు) రాసే వీలుంది. ఏమీ రాయకపోతే పీసీఎఫ్8523 డ్రైవరు 12,500 అనుకుంటుంది; అదే కుటుంబంలోని పీసీఎఫ్85063కు 7,000 అనుకుంటుంది. ఒక చిప్పు నుంచి మరోదానికి మారిన వాళ్లు ఏమీ రాయకుండా వదిలేస్తే, క్రిస్టల్ అదే అయినా గడియారం నడక మారిపోతుంది.

కొలవడంలో ఒక ఉచ్చు ఉంది, అందులో నేనూ పడ్డాను. క్రిస్టల్ కాలు మీద ఆసిలోస్కోపు ప్రోబు పెట్టి చూశాను. తప్పు కొంత తగ్గినట్టు కనబడింది! ప్రోబుకు తనదంటూ పది పీకోఫారడ్ల వరకు ఉంటుంది. కొలిచే పనిముట్టే మందు అయి కూర్చుంది. సరైన పద్ధతి: చిప్పు క్లాక్ అవుట్ పిన్ను మీద 32.768 కిలోహెర్ట్జ్ వదలమని చెప్పి, దాన్ని ఫ్రీక్వెన్సీ కౌంటరుతో చూడటం. అది ఓపెన్ డ్రెయిన్ పిన్ను (వోల్టేజిని తనంతట పైకి లాగలేదు), పైకి లాగే పుల్ అప్ రెసిస్టరు లేకపోతే ఏమీ రాదు. ఈ 32.768 కిలోహెర్ట్జ్ మీద ఆఫ్‌సెట్ ప్రభావం ఉండదు కాబట్టి క్రిస్టల్ అసలు నడక కనబడుతుంది. 7 పీకోఫారడ్ల దగ్గర 32,770.3 హెర్ట్జ్ చూపింది. పై బిట్టును 1 చేయగానే 32,768కి అర హెర్ట్జ్ దూరంలోపలికి వచ్చింది. పని అయ్యాక ఆ పిన్నును ఆపేశాం, ఎవరూ వినని పాటకు కరెంటు ఎందుకు?

ఆఫ్‌సెట్‌ను సున్నా చేసి వదిలేశాం. గట్టు మీద ఎండకు పెట్టె లోపల 50 డిగ్రీలు దాటుతుంది. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర వేగంగా, అటూ ఇటూ పోయేకొద్దీ నెమ్మదిగా నడుస్తుంది; దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు. గదిలో సరిచేసిన ఆఫ్‌సెట్ గట్టు మీద పనికిరాదు. రోజుకు ఒకటి రెండు సెకన్ల వెనుకబాటును నెట్‌వర్కు సమయం సర్దేస్తోంది, పది నిమిషాలకొకసారి కొలిచే పరికరానికి అది చాలు.

ఎనిమిదింటిలో ఒకటి

కొత్త ఫర్మ్‌వేరు వెళ్లింది. రీసెట్లు బాగా తగ్గాయి, కానీ పోలేదు. సుమారుగా ఎనిమిదిసార్లు కరెంటు పోతే ఒకసారి ఓఎస్ బిట్టు 1గా వస్తోంది. బల్ల మీద వందసార్లు ప్లగ్గు పీకినా ఒక్కసారీ రాలేదు.

ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇది. బల్లకూ గట్టుకూ తేడా ఏమిటని ఒక జాబితా రాసుకున్నాం: వేడి, తేమ, పొడవైన తీగలు, జనరేటరు. చివర్లో ఎవరో అన్నారు, బల్ల మీద బోర్డులో సిమ్ లేదు కదా అని. సిమ్ పెట్టి, మోడెమ్ డేటా పంపుతుండగా ప్లగ్గు పీకితే ఏడోసారికే గడియారం పోయింది.

డేటాషీటును మూడోసారి చదివితే కారణం ఒక పేరాలో ఉంది. ఖర్చు తగ్గించుకోవడానికి చిప్పు సరఫరా వోల్టేజిని నిరంతరం కాకుండా మిల్లీసెకనుకొకసారి చూస్తుంది. మారే గీత 2.5 వోల్టులు, పవర్ వ్యవస్థ పనిచేయగల కనిష్ఠం 1.8. రెండు చూపుల మధ్య ఆ 0.7 వోల్టు జారిపోతే, చిప్పు కళ్లు తెరిచేసరికి మారే శక్తి కూడా మిగలదు. అంటే సరఫరా మిల్లీసెకనుకు 0.7 వోల్టు కంటే నెమ్మదిగా పడాలి. స్కోపులో చూస్తే మోడెమ్ ఖాళీగా ఉన్నప్పుడు మా సరఫరా మిల్లీసెకనుకు 0.1 వోల్టు చొప్పున తీరిగ్గా దిగుతోంది. డేటా పంపుతున్నప్పుడు 1.1. మోడెమ్ కెపాసిటర్లను ఊడ్చేస్తోంది. నమూనా బోర్డు పవర్ బ్యాంకు మీద నడిచింది కాబట్టి ఇది దాని అనుభవంలోకే రాలేదు.

కరెంటు పోతోందని ముందే పసిగట్టి మోడెమ్‌ను ఆపేద్దామని ఒకరన్నారు. ఆలోచించదగ్గదే, కానీ ఒక సమస్య సాఫ్ట్‌వేరులో ఒకటి రెండు మిల్లీసెకన్ల పందెం అయినప్పుడు నేను ఆ పందెం కాయను. ఆర్‌టీసీ సరఫరాను మాత్రమే నెమ్మదింపజేస్తే చాలు. దాని సరఫరా దారిలో ఒక ఫెర్రైట్ బీడు (కరెంటులోని రొదను వడపోసే చిన్న భాగం) ఉంది. అది తీసి 470 ఓమ్‌ల రెసిస్టరు పెట్టాం. పక్కనున్న 100 నానోఫారడ్ కెపాసిటరు మీద 22 మైక్రోఫారడ్ ఎక్కించాం. కాగితం మీద 10 మిల్లీసెకన్ల కాలం వస్తుంది. కానీ ఈ చిన్న సిరామిక్ కెపాసిటర్ల సామర్థ్యం, వాటికి వోల్టేజి ఇచ్చేసరికి దాదాపు సగానికి కుంగిపోతుంది. 12 మైక్రోఫారడ్లే మిగిలాయనుకున్నా, 2.5 వోల్టుల దగ్గర జారుడు మిల్లీసెకనుకు 0.45 వోల్టు. సరిపోతుంది. చిప్పు తాగేది అతి తక్కువ కాబట్టి 470 ఓమ్‌ల మీద పోయే వోల్టేజి లెక్కించదగ్గది కాదు.

రిలేతో పవర్ తీసి పెట్టే ఒక యంత్రం చేసి, మోడెమ్ డేటా పంపుతుండగా రాత్రంతా వెయ్యిసార్లు కోశాం. మార్పు లేని బోర్డులో ఓఎస్ బిట్టు 131 సార్లు వచ్చింది. మార్చినదాంట్లో ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు డ్రైవరు ఎలా ఉంది

డ్రైవరులో సొంతంగా అనుకునే విలువ ఒక్కటీ లేదు. క్రిస్టల్ లోడు ఎంత, వెనుక సెల్లు ఉందా, సరఫరా ఎంత, క్లాక్ అవుట్ కావాలా అన్నవి బోర్డు ఫైలులో రాయాలి, రాయకపోతే కంపైల్ కాదు. మా జూనియర్ దీన్ని చాదస్తం అన్నాడు. కావచ్చు. 7 అన్నా, 111 అన్నా, 12,500 అన్నా, ఎవరో తమ బోర్డును మనసులో పెట్టుకుని చేసిన నిర్ణయాలవి. మన బోర్డు వాళ్లు చూడలేదు. ప్రారంభంలో రాసినవన్నీ తిరిగి చదివి, తేడా ఉంటే సర్వరుకు చెబుతుంది. ఉత్పత్తిలో ప్రతి బోర్డునూ ఒక నిమిషం ఫ్రీక్వెన్సీ కౌంటరు ముందు కూర్చోబెడతాం. ఆ నిమిషం దండగని కొన్నాళ్లు గొణుగుడు నడిచింది.

ఆరు నెలల తర్వాత వచ్చిన ఒక బ్యాచ్‌లో మొదటి బోర్డు 32,765.7 చూపింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. రిజిస్టర్లు తిరిగి చదివితే అన్నీ రాసినవి రాసినట్టే ఉన్నాయి. నాలుగో బోర్డు పెట్టకుండా స్టోరుకు వెళ్లి క్రిస్టళ్ల రీలు తెప్పించాను. పాతవి దొరకలేదని అసెంబ్లీ వాళ్లు అదే సైజువి, అదే ఫ్రీక్వెన్సీవి వేశారు. లేబులు మీద చిన్న అక్షరాల్లో 7 పీకోఫారడ్లు అని ఉంది. బోర్డు ఫైలుకు ఒక నకలు తీసి, అందులో 12,500ను 7,000 చేసి, ఆ బ్యాచ్ నంబరు పెట్టాం.